బాల్కనీ ప్లగ్గు

ఆ ఆదివారం ఉదయం టైలరు పెట్టుకున్న పని చాలా చిన్నది. రెండు సోలారు ప్యానెళ్ళను బాల్కనీ కమ్మీలకు బిగించాలి, వాటి తీగ చివరనున్న ప్లగ్గును గోడ సాకెట్టులో పెట్టాలి, భోంచేసి పడుకోవాలి. అట్టపెట్టె మీద కూడా అంతే రాసి ఉంది: బిగించండి, ప్లగ్గు పెట్టండి, కరెంటు మీదే. ఎనిమిదో తరగతి మధ్యలో బడి మానేసినవాడికి సైతం అర్థమయ్యే మూడు ముక్కలు. ఇంత సులువుగా రాసిపెట్టినవేవీ తన జీవితంలో రాసినట్టు జరగలేదన్న సంగతి మాత్రం అప్పుడు అతనికి తట్టలేదు.

పని చిన్నదే గానీ దాని వెనక పందెం ఉంది. బావమరిది వాటర్ ఫిల్టర్లు అమ్ముతాడు. గోడౌను ఖాళీ చెయ్యమనేసరికి, నలభై పెట్టెలు సర్దుకోవడానికి అక్క ఇంటి బాల్కనీ మీద కన్నేశాడు. ఆ బాల్కనీలోనే టైలరు కుట్టుమిషనూ, ఇస్త్రీ బల్లా ఉన్నాయి. తొమ్మిదేళ్ళుగా అతని దుకాణం అదే. ఎవడికీ సలాము కొట్టకుండా, ఎవడికీ అద్దె కట్టకుండా బతుకుతున్నానని అతను చెప్పుకోగలిగిన ఒకే ఒక చోటు అది.

"మిషను మెట్ల కింద వేసుకోండి. ఈ బాల్కనీలోకి ఎండ తప్ప ఇంకేం వస్తోంది గనక?" అంది భార్య.

"ఆ ఎండలోంచే కరెంటు తీసి చూపిస్తా," అన్నాడు టైలరు. ఎందుకన్నాడో అతనికే తెలియదు. అనేశాడు.

భార్య ఆ మాటను నేల మీద పడనివ్వలేదు. "సరే. వచ్చే ఒకటో తారీకున రీడింగు తీస్తారుగా. మన మీటరు సగానికి తగ్గితే బాల్కనీ మీది. తగ్గకపోతే ఆ రోజే మా తమ్ముడి పెట్టెలొస్తాయి."

అందుకే ఆ ఆదివారం బావమరిది కూడా హాజరయ్యాడు. సాయం చేయడానికి కాదు. చేతులు వెనక్కి కట్టుకుని, బాల్కనీ పొడవెంతో వెడల్పెంతో అడుగులతో కొలుస్తున్నాడు.

ప్యానెళ్ళు పదింటికల్లా కమ్మీలకెక్కాయి. టైలరు ప్లగ్గు చేతిలోకి తీసుకున్నాడు. భార్యకు అక్కడ అనుమానమొచ్చింది.

"ఏమండీ, ప్లగ్గు పెడితే గోడలోంచి కరెంటు దీన్లోకి వస్తుంది కదా?"

"రాదు. దీన్లోంచే గోడలోకి పోతుంది."

"మరి మిక్సీ ప్లగ్గు పెడితే?"

"అప్పుడు గోడలోంచి మిక్సీలోకి."

"ఏది ఎటు పోవాలో గోడకెలా తెలుస్తుంది?"

నిన్నటి నుంచి సరిగ్గా ఆ ప్రశ్నే టైలరు బుర్రను తొలుస్తోంది. "తెలుస్తుందిలే. గోడలకన్నీ తెలుసు," అన్నాడు.

"కుళాయిలోకి నీళ్ళు తిరగబోసినట్టుంది బావా," అన్నాడు బావమరిది.

రెండు బాల్కనీల మధ్య ఛాతీ ఎత్తు గోడ ఉంది. దాని మీదుగా ఒక కళ్ళజోడు లేచింది. పక్కింటి రిటైర్డ్ హెడ్మాస్టరు. ఒంటరి మనిషి. పేపరు కూడా లైటు వేసుకోకుండా బాల్కనీలో నిలబడి చదువుతాడు. ఇంట్లో ఒకటే ఫ్యాను, ఒకటే బల్బు. ఇంతటి పిసినారిని టైలరు తన బతుకులో చూడలేదు. పైగా ఎవరితో మాట్లాడినా హాజరు పిలిచినట్టే మాట్లాడతాడు.

"ఏమోయ్ టైలరూ, పర్మిషన్ ఉందా దీనికి?"

"ఎండకు పర్మిషనేంటి మాస్టారూ?"

"అన్నిటికీ ఉంటుంది," అని కళ్ళజోడు కిందికి దిగిపోయింది.

టైలరు ఊపిరి బిగబట్టి ప్లగ్గు పెట్టాడు. ప్యానెళ్ళ వెనకున్న చిన్న డబ్బాలో పచ్చదీపం వెలిగింది. అంతకంటే ఏమీ జరగలేదు. గోడ పేలలేదు, ఫ్యాను వేగం పెరగలేదు. అయినా అతని ఛాతీ మాత్రం రెండంగుళాలు పెరిగింది. ఆ రోజు కొలత తీసుకుంటే చొక్కా కొత్తగా కుట్టాల్సివచ్చేది.

మర్నాటి నుంచి టైలరు ఇంట్లో కొత్త శాసనం అమల్లోకి వచ్చింది. ఎండ ఉన్నంతసేపూ కరెంటు ఊరికే వస్తుంది కాబట్టి పనులన్నీ ఎండలోనే కావాలి. పొద్దున స్నానం రద్దు. గీజరు పన్నెండింటికి వెయ్యాలి. ఉతకడం, రుబ్బడం, నీళ్ళు పట్టడం అన్నీ పదికీ మూడుకీ మధ్యే.

"పన్నెండింటికి వేణ్ణీళ్ళ స్నానమేంటండీ? ఒళ్ళు మాడిపోతోంది," అంది భార్య.

"ఊరికే వచ్చే వేడి. ఓర్చుకో."

వారం తిరిగేసరికి టైలరు మెట్ల కిందికి వెళ్ళి మీటరు చూశాడు. అక్కడ గోడకు కొట్టిన చెక్క మీద ఎనిమిది మీటర్లు వరసగా ఉంటాయి, పాతకాలం చక్రాల మీటర్లు. అతని మీటరు చక్రం మునుపటికంటే హుషారుగా తిరుగుతోంది. తప్పు చూశానేమోనని కళ్ళు నులుముకుని మళ్ళీ చూశాడు. ఈసారి ఇంకా వేగంగా తిరుగుతున్నట్టు కనిపించింది.

ఊరికే వస్తోంది కదాని వాడకం పెరిగింది, అంతేలే అని సర్దిచెప్పుకున్నాడు. రెండో వారం శాసనం తిరగబడింది. గీజరు బంద్, ఫ్యాన్లు బంద్, చివరికి ఫ్రిజ్జు కూడా బంద్. పాలు విరిగాయి. నాలుగో రోజుకు భార్య సహనం కూడా విరిగింది. ఫ్రిజ్జు ప్లగ్గు తనే పెట్టేసి, "ఫ్రిజ్జు ఆపితే మీటరు తగ్గుతుందని మా తమ్ముడికీ తెలుసు. దానికి మీ ప్యానెళ్ళెందుకు?" అంది.

టైలరు పరీక్షలు మొదలుపెట్టాడు. ఒక రోజంతా ప్యానెళ్ళ ప్లగ్గు పీకేసి మీటరు చూశాడు. మర్నాడు పెట్టి చూశాడు. రెండు రోజులూ ఒకేలా తిరిగింది. ప్లగ్గును తలకిందులు చేసి పెట్టబోయాడు, పట్టలేదు. ప్యానెళ్ళను తడిగుడ్డతో తుడిచాడు, పొడిగుడ్డతో తుడిచాడు, ఒకసారి తలదువ్వుకునేటంత శ్రద్ధగా వాటిలో తన మొహం చూసుకున్నాడు. డబ్బాలో పచ్చదీపం వెలుగుతూనే ఉంది. కరెంటు పుడుతోంది. సాకెట్టులోకి పోతోంది. ఇంటికి మాత్రం రావడం లేదు. మధ్యలో ఏమైపోతోంది? గుడ్డ కత్తిరిస్తే ముక్కలైనా మిగలాలి కదా!

మూడో వారంలో ఒక ఉదయం ఆరింటికే మెట్ల కిందికి దిగాడు. హెడ్మాస్టరు అప్పటికే అక్కడున్నాడు. చంకలో నోటుపుస్తకం. తన మీటరుకు వీపు ఆనించి, దాన్ని ఎవరో ఎత్తుకుపోతారన్నట్టు అడ్డంగా నిలబడ్డాడు. మొహం పాలిపోయి ఉంది.

"ఏంటి మాస్టారూ, పొద్దున్నే?"

"ఏం లేదోయ్. గాలి కోసం."

మెట్ల కింద గాలాడక బల్లులు కూడా చస్తాయి. టైలరు తన మీటరు చూసి నిట్టూర్చాడు.

హెడ్మాస్టరు గొంతు తగ్గించాడు. "నీ మీటరు... ముందుకే పోతోందా?"

టైలరుకు ఒళ్ళు మండిపోయింది. ప్యానెళ్ళు పెట్టినవాణ్ణి పట్టుకుని ఎంత వెటకారం! "ఎందుకు పోదు మాస్టారూ? గుర్రంలా పోతోంది. చాలా, ఇంకా కావాలా?"

"అదృష్టవంతుడివోయ్," అని హెడ్మాస్టరు నోటుపుస్తకం గుండెకు హత్తుకుని పైకి వెళ్ళిపోయాడు.

అదృష్టవంతుడట! టైలరు కోపంతో రెండు జేబులు తలకిందులుగా కుట్టాడు. అవి విప్పుతూ కూర్చున్న మధ్యాహ్నం, గోడ అవతల ఏదో వెలుగు కనిపించి, స్టూలెక్కి తొంగి చూశాడు. చూసి, స్టూలు దిగి, కళ్ళు తుడుచుకుని మళ్ళీ ఎక్కాడు. పట్టపగలు పన్నెండు గంటలకు హెడ్మాస్టరు ఇంట్లో ప్రతి గదిలోనూ బల్బు వెలుగుతోంది. మూల మూలనా కొత్త ఫ్యాన్లు తిరుగుతున్నాయి. బల్ల మీద ఇస్త్రీపెట్టె కాలుతోంది, పక్కన ఒక్క చొక్కా కూడా లేదు. ఒక బకెట్టులో హీటరు వేసి నీళ్ళు కాస్తున్నాడు. సలసల కాగిన నీళ్ళు పారబోసి, చన్నీళ్ళు పట్టి మళ్ళీ హీటరు వేస్తున్నాడు.

టైలరు బుర్రలో మూడు వారాలుగా చిక్కుపడ్డ దారం ఒక్కసారిగా విడిపోయినట్టయింది. తన కరెంటు పోతోంది. ఒక్క బల్బుతో బతికే మనిషి ఇంట్లో పెళ్ళిపందిరిలా దీపాలు వెలుగుతున్నాయి. ఇంకేం కావాలి?

"ముసలాయన మన ఎండ దొంగిలిస్తున్నాడు," అన్నాడు భార్యతో.

"ఎండనెలా దొంగిలిస్తాడండీ?"

"చదువుకున్నవాడు. ఎలాగోలా దొంగిలిస్తాడు. ఒకటో తారీకు రానీ, అందరి ముందూ తేలుస్తా."

ఒకటో తారీకు రానే వచ్చింది. రీడింగు తీసే మనిషి మెడలో చిన్న మిషను వేలాడేసుకుని మెట్ల కింద నిలబడ్డాడు. టైలరు అతని ఎదురుగా వెళ్ళి, "సార్, ముందు పక్కింటాయన సంగతి తేల్చండి. గోడలోంచి నా కరెంటు లాగేస్తున్నాడు. కేసు రాయండి," అన్నాడు.

రీడింగు మనిషి హెడ్మాస్టరు మీటరు చూశాడు. మిషనులో అంకె కొట్టాడు. అది కీచుమంది. మళ్ళీ కొట్టాడు, మళ్ళీ కీచుమంది. "ఇదేంటి? పోయిన నెలకంటే తక్కువుంది. తక్కువ అంకె ఈ మిషను తీసుకోదు. ఎవరిదిది?"

మెట్ల మీద నిలబడ్డ హెడ్మాస్టరు నోటుపుస్తకం తెరుస్తూ కిందికి దిగాడు. "నాదే బాబూ. నేనేం చెయ్యలేదు. మూడు వారాలుగా పగలల్లా వెనక్కి తిరుగుతోంది. ఇదిగో, రోజూ రాస్తున్నాను, అంకె తగ్గుతూ పోతోంది. ముప్పై ఆరేళ్ళ సర్వీసులో ఒక్క మార్కు దిద్దినవాణ్ణి కాదు, చివరికి మీటరు దొంగనవుతానా? నాకు చేతనైనంత కరెంటు తగలేశాను. ఫ్యాన్లు కొన్నాను. నీళ్ళు కాచి పారబోశాను. హీటరు వేసినంతసేపే ముందుకు, తీస్తే ఎండలో మళ్ళీ వెనక్కే పోతోంది!"

దొంగ అనుకున్నవాడు దొంగతనం బయటపడుతుందని కాక, చెయ్యని దొంగతనం అంటుకుంటుందని ఏడుస్తున్నాడు. ఎవరి మీద జాలి పడాలో టైలరుకు తెలియలేదు.

రీడింగు మనిషి ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. "ఎవరి తీగలో ఎవరున్నారో ఇప్పుడే తేల్చేద్దాం. టైలరుగారూ, మీరు పైకెళ్ళి మిషను తొక్కుతూ ఉండండి. నేనిక్కడ మాస్టారు ఫ్యూజు పీకుతా. ఆయన ఇంట్లోవే ఆగాలి, మీ ఇంట్లో ఏదీ ఆగకూడదు."

టైలరు గెలిచినవాడిలా బాల్కనీలో కూర్చున్నాడు. మిషను మోటారు నొక్కాడు. ఒక కాలరు సగం దాకా కుట్టాడు. సూది గుడ్డలో దిగి, అక్కడే ఆగిపోయింది.

"ఏమే, కరెంటు పోయిందా?"

"లేదే, ఫ్యాను తిరుగుతూనే ఉందిగా," అంది భార్య హాల్లోంచి.

టైలరు మళ్ళీ నొక్కాడు. మిషను ఉలకలేదు. ఇస్త్రీపెట్టె చల్లబడింది. ప్యానెళ్ళ డబ్బాలో పచ్చదీపం కూడా ఆరిపోయింది. కాసేపటికి కింద ఫ్యూజులు మార్చినట్టున్నారు, హాల్లో ఫ్యాను ఆగింది, ఫ్రిజ్జు ఆగింది, మిషను మాత్రం తనంతట తానే బుర్రుమని కాలరు మిగతా సగం కుట్టేసింది. టైలరు కాలు ఇంకా పెడలు మీదే ఉంది. అది తీయాలన్న సంగతి కూడా అతనికి తోచలేదు.

రీడింగు మనిషి పైకొచ్చి, గోడను వేలితో రెండుసార్లు కొట్టాడు. "ఈ రెండు ఇళ్ళూ ఒకప్పుడు ఒకటే. ఓనరు మధ్యలో గోడ లేపి రెండు చేశాడు. తీగలు సరిగ్గా విడదీయలేదు. ఈ బాల్కనీలో లైటు మీ మీటరు మీదుంది. ఈ సాకెట్టు బోర్డు మాత్రం మాస్టారు మీటరు మీదుంది. మీ ప్యానెళ్ళు బ్రహ్మాండంగా పనిచేస్తున్నాయి. ఆయనకి."

"అంటే నా కరెంటంతా..." అన్నాడు టైలరు.

"ఆయన మీటర్లోకి."

"చూశావా, నే చెప్పలా!" అని టైలరు భార్య వైపు తిరిగాడు. భార్య అతని వైపు చూడటం లేదు. మిషను వైపు చూస్తోంది. మోటారు తీగ ఆ సాకెట్టు బోర్డులోనే ఉంది. ఇస్త్రీపెట్టె తీగ కూడా అందులోనే ఉంది.

"ఏమండీ," అంది మెల్లగా, "తొమ్మిదేళ్ళ నుంచి మీరు ఇక్కడే కదా కుడుతోంది?"

గోడ మీదుగా కళ్ళజోడు లేచింది. హెడ్మాస్టరు ఎవరివైపూ చూడకుండా, "ఫ్రిజ్జు అమ్మేశాను," అన్నాడు. "మూడు గదుల్లో బల్బులు పీకేశాను. చీకట్లో అన్నం తిన్నాను. ఎంత తగ్గించినా మీటరు ఎందుకు తగ్గదా అని తొమ్మిదేళ్ళుగా లెక్క కుదరక చస్తున్నాను."

టైలరు స్టూలు మీంచి లేచాడు. ఎవడి సొమ్మూ తినకుండా బతుకుతున్నానని తను మీసం దువ్వుకున్న చోటు అదే, ఆ స్టూలే. పిసినారి అని నవ్వుకుంటూ ఇస్త్రీ చేసిన ప్రతి చొక్కా ఆ పిసినారి కరెంటుతోనే నలగకుండా నిలబడింది. "మాస్టారూ, నాకు తెలీదు. ఒట్టు, నాకు తెలీదు," అన్నాడు.

"నాకు తెలిసిందా? నేనూ మూడు వారాలుగా నీ ఎండ తింటున్నాను," అన్నాడు హెడ్మాస్టరు.

రీడింగు మనిషి గడియారం చూసుకున్నాడు. "కేసు రాయాలంటే దొంగ పేరు ఒకటే రాయాలండీ. మీ ఇద్దర్నీ రాయడానికి గడి లేదు." మీటరు మార్చాలని ఒక కాగితం మీద గీకి, ఎవరి చేతికివ్వాలో తెలియక ఇస్త్రీ బల్ల మీద పెట్టి, మెట్లు దిగిపోయాడు.

సరిగ్గా అతను దిగుతుంటే బావమరిది ఎక్కాడు. వెనక ఇద్దరు మనుషులు, చేతుల్లో అట్టపెట్టెలు. "ఏం బావా, మీటరు తగ్గిందా?"

టైలరు తల వంచుకుని కాలరు దారం తెంపాడు.

"తగ్గలేదన్నమాట. అక్కా, ఎక్కడ పెట్టించమంటావ్?" అంటూ మొదటి రెండు పెట్టెలను కమ్మీల పక్కన ఒకదాని మీద ఒకటి పెట్టించాడు. ఇంకో రెండు వాటిపై ఎక్కబోయాయి. టైలరు కుట్టుమిషను మీద చెయ్యి వేశాడు, ఎత్తుకుని మెట్ల కిందికి నడవడానికి. తప్పు చేసినవాడు పందెం గురించి మాట్లాడకూడదని అతనికి ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది.

"ఆగండి!"

ముప్పై ఆరేళ్ళు పిల్లల్ని బెంచీ ఎక్కించిన గొంతు. పెట్టెలు మోస్తున్న ఇద్దరూ ఉన్నచోటే నిలబడిపోయారు. హెడ్మాస్టరు గోడ మీదుగా వేలు చూపించాడు. "ఆ పెట్టెలు దించు. ఎండకడ్డం."

"ఇది మా అక్క బాల్కనీ మాస్టారూ."

"సాకెట్టు నాది. మీటరు నాది. తొమ్మిదేళ్ళ కరెంటు నేనడగను, కానీ ఆ ప్లగ్గు అక్కడి నుంచి కదలకూడదు. ఆ ప్యానెళ్ళకు ఒక్క అట్టపెట్టె కూడా అడ్డం రాకూడదు. వాటిని చూసుకోవడానికి టైలరు ఇక్కడే ఉండాలి. మిషను వేసుకోనీ, ఇస్త్రీ చేసుకోనీ, నాకేం అభ్యంతరం లేదు. కాదంటే చెప్పు, తొమ్మిదేళ్ళ లెక్క ఇప్పుడే కూర్చుని వేద్దాం. నా దగ్గర నోటుపుస్తకాలున్నాయి, ఒక్క రోజు కూడా పోలేదు."

బావమరిది అక్క మొహం చూశాడు. అక్క ఒకసారి పెట్టెల వైపు, ఒకసారి హెడ్మాస్టరు చంకలోని నోటుపుస్తకం వైపు చూసింది. లెక్క తేలడానికి ఆమెకు ఎంతో సేపు పట్టలేదు.

"తమ్ముడూ, మెట్ల కింద చోటుందిరా," అంది.

అలా టైలరు బాల్కనీ టైలరుకే దక్కింది. పందెం ఓడిపోయి కూడా గెలిచాడు. ఎలా గెలిచాడో అతను ఎవరికీ చెప్పుకోలేడు, అది వేరే సంగతి.

మర్నాడు పొద్దున్నే హెడ్మాస్టరు కోణమానిని చేతపట్టుకుని గోడ దూకినంత పని చేసి వచ్చాడు. మొహంలో పదేళ్ళ వయసు తగ్గింది. "ఇలా కమ్మీలకు వేలాడేస్తే సగం ఎండ నేలపాలోయ్. లేపాలి. ఇంకాస్త. ఇంకాస్త పైకి!" అన్నాడు. ఇనప కాళ్ళు చేయించి, ప్యానెళ్ళను కమ్మీల మీద నిలబెట్టించి, కోణం కొలిచి, తృప్తిగా తల ఊపి వెళ్ళాడు. ఇప్పుడాయన ఇంట్లో కొత్త ఫ్రిజ్జు ఉంది. పేపరు ఫ్యాను కింద కూర్చుని చదువుతున్నాడు. అప్పుడప్పుడు గోడ మీదుగా తొంగి చూసి, "దుమ్ము పట్టిందోయ్, తుడువు," అంటాడు. టైలరు తుడుస్తాడు.

అంతెత్తున ప్యానెళ్ళు నిలబెట్టాక బాల్కనీలోకి వెలుతురు రావడం మానేసింది. పట్టపగలు సూదిలో దారం ఎక్కించాలన్నా టైలరు లైటు వేసుకోవాల్సి వస్తోంది. ఆ లైటు మాత్రం టైలరు మీటరు మీదే ఉంది.